మంగలి కత్తికి ఏ సానరాయి కొనాలి?

మంగలి కత్తిని సొంతంగా సానపట్టడం నేర్చుకోవాలనుకునేవాళ్ళు మొట్టమొదట అడిగేది ఇదే: "అన్నిటికంటే నున్నటి రాయి ఏది? ఒక్క 12,000 నంబరు రాయి కొంటే సరిపోదా?" గడ్డం గీసే కత్తి కదా, ఎంత నున్నటి రాయి మీద నూరితే అంత హాయిగా గీస్తుందనుకోవడం సహజం. కానీ ఆ ఒక్క రాయితో కూర్చుంటే ఎన్నాళ్ళు నూరినా కత్తి గీయకపోవచ్చు. నేర్చుకునేవారికి అసలు రాయి 1000 నంబరుది (నంబరు పెరిగేకొద్దీ రేణువు చిన్నది, రాయి నున్నన). ఎందుకో తెలియాలంటే చిన్న త్రికోణమితి లెక్క చెయ్యాలి. ఇంత చిన్న లెక్క ఇన్ని సందేహాలు తీర్చడం అరుదు.

కత్తిని అడ్డంగా కోసి చూస్తున్నట్టు ఊహించుకోండి. పైన మందంగా వీపు, కింద పల్చగా అంచు. కత్తిని రాయి మీద పూర్తిగా పడుకోబెడితే వీపూ అంచూ రెండూ రాయిని తాకుతాయి. కాబట్టి కోణం మన చేతివాటం మీద ఆధారపడదు, వీపే దాన్ని నిర్ణయిస్తుంది. 19 మి.మీ. వెడల్పు, 5.3 మి.మీ. వీపు మందం ఉన్న కత్తికి రెండు పక్కల వాలులూ అంచు దగ్గర 16 డిగ్రీల కోణంలో కలుస్తాయి.

రాయిలోని ఓ రేణువు ఒక వాలు మీద అంచు దాకా గీత గీసిందనుకుందాం. గీత లోతు 1 మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంచులో పడే గాటు కూడా 1 మైక్రానే అనుకుంటే పొరపాటు. గీత లోతును సైన్ 16 డిగ్రీలతో, అంటే 0.276తో భాగించాలి. గాటు 3.6 మైక్రాన్లు! రెండో వాలు మీది గీత కూడా సరిగ్గా అక్కడికే వచ్చి కలిస్తే సైన్ 8తో భాగించాలి, గాటు 7 మైక్రాన్లు దాటుతుంది. 30 డిగ్రీల వంటింటి కత్తికి ఒక పక్క గీత రెండింతలే అవుతుంది. మంగలి కత్తికి నున్నటి రాయి ఎందుకు కావాలో ఇక్కడే తేలిపోతుంది. కోణం సన్నబడేకొద్దీ అంచు ప్రతి గీతనూ పెద్దది చేసి చూపిస్తుంది.

జపాన్ ప్రమాణం ప్రకారం 1000 రాయిలో రేణువు సగటున 11.5 మైక్రాన్లు, 4000లో 3, 8000లో 1.2. గీత లోతు రేణువులో పదో వంతు అనుకుని లెక్క కడదాం. అంచులో గాట్లు 1000 మీద 4 మైక్రాన్లు, 4000 మీద 1.1, 8000 మీద 0.4 మైక్రాన్లు వస్తాయి. పదో వంతు అన్నది లెక్క కోసం అనుకున్నదే. మనం నొక్కే ఒత్తిడిని బట్టి అది మారుతుంది. అందుకే ఆఖరి రాయి మీద కత్తి బరువు తప్ప చేతి బరువు పడకూడదు. ఒత్తిడి పెంచితే గీత లోతవుతుంది, గాటు దానికి 3.6 రెట్లు లోతవుతుంది. పైగా పల్చటి అంచు వంగిపోయి వాలు చెడుతుంది.

ఇదే లెక్కను తిరగేస్తే 1000 రాయి గొప్పతనం బయటపడుతుంది. అంచులో 0.1 మి.మీ. పెచ్చు ఊడిందనుకోండి, అంటే 100 మైక్రాన్లు. అది పోవాలంటే రెండు పక్కలా వాలు మీద 14 మైక్రాన్ల చొప్పున ఉక్కు అరగాలి. పెచ్చు లేకుండా అంచు కేవలం మొద్దుబారి 5 మైక్రాన్ల మందం తేలినా, ఒక్కో పక్కన 2.5 మైక్రాన్లు అరిగితే గానీ రెండు వాలులూ మళ్ళీ ఒక రేఖలో కలవవు. వీపు కూడా రాయికి తగులుతుంది కాబట్టి దానితోపాటు అదీ అరుగుతుంది. ఇంత ఉక్కును 1.2 మైక్రాన్ల రేణువులతో అరగదీయడం ఎంత పనో చూడండి. నున్నటి రాయి ఉన్న వాలును మెరిపిస్తుంది, లేని అంచును పుట్టించలేదు.

నంబర్ల విషయంలో ఒక జాగ్రత్త. 1000 అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. జపాన్ కొలతలో 1000 అంటే 11.5 మైక్రాన్లు, యూరప్ ప్రమాణంలో ఎఫ్ 1000 అంటే 4.5, ఇసుకకాగితం మీద పి 1000 అంటే 18.3. మూడు రాళ్ళను మూడు పద్ధతుల్లో కొంటే మధ్యలో ఎక్కడో పెద్ద ఖాళీ మిగులుతుంది. అందుకని మైక్రాన్లు చూసి కొనండి, లేదా అన్నీ ఒకే కంపెనీ వరుసలో తీసుకోండి.

మొదటి కొనుగోలు ఇలా ఉంటే చాలు: ఒక 1000, ఒక 4000, ఒక 8000, రాళ్ళను చదును చేసే ఒక డైమండ్ ప్లేటు. నార్టన్ కంపెనీ వాళ్ళ జంట రాయి ఒక వైపు 4000, మరో వైపు 8000 ఉంటుంది. అది మెత్తన, త్వరగా గుంటపడుతుంది, వాడేముందు నీళ్ళలో నానబెట్టాలి. షాప్టన్ కంపెనీ రాళ్ళకు పైన నీళ్ళు చల్లితే చాలు. రేణువులను మాగ్నీషియా అనే పదార్థంతో బంధించి చేసిన రాళ్ళను నీళ్ళలో వదిలేసినా, ఎండలో ఆరబెట్టినా పగులుతాయి. 12,000 రాయిని తర్వాతెప్పుడైనా కొనుక్కోవచ్చు, 8000 మీద దిగిన అంచు గడ్డం బాగానే గీస్తుంది. రాళ్ళు సాధారణంగా 70 మి.మీ. వెడల్పుంటాయి, కత్తి అంచు 75 దాకా ఉంటుంది. అందువల్ల కత్తిని నేరుగా తోయకుండా ఏటవాలుగా లాగితేనే మడమ (పిడి వైపు చివర) నుంచి కొస దాకా అంచంతా రాయిని తాకుతుంది.

సహజ రాళ్ళలో బెల్జియంలోని ఆర్డెన్ ప్రాంతపు కోటిక్యూల్ ఒక అద్భుతం. అందులోని గార్నెట్ అనే ఖనిజపు రేణువులు 5 నుంచి 15 మైక్రాన్లు, అంటే 1000 రాయి రేణువులంత. అయినా అది ఆఖరి రాయిగా పనికొస్తుంది! కారణం ఆకారం. గార్నెట్ స్ఫటికానికి పన్నెండు ముఖాలు, పక్కపక్క ముఖాల మధ్య 120 డిగ్రీల కోణం. మూలలు మొద్దుగా ఉంటాయి కనుక గీత వెడల్పుగా పడినా లోతుగా దిగదు. లోతు తగ్గితే గాటూ తగ్గుతుంది. నేను పదో వంతు అనుకున్న చోట ఇక్కడ ఇంకా చిన్న భిన్నం పెట్టుకోవాలి. అయితే ఒక కోటిక్యూల్‌కూ మరోదానికీ పోలిక ఉండదు. తప్పు చేతిదో రాయిదో తెలియని దశలో దీని జోలికి పోవద్దు.

కొత్త రాయైనా చదునుగా ఉందని నమ్మకండి. పైన పెన్సిల్‌తో సెంటీమీటరు గళ్ళు గీసి, నీళ్ళు పోస్తూ 325 నంబరు డైమండ్ ప్లేటు మీద రుద్దండి. గీతలు ఎక్కడ చెరగలేదో అక్కడ గుంట ఉన్నట్టు. అన్నీ చెరిగేదాకా ఆపొద్దు. గుంటపడ్డ రాయి మీద వాలు ఉబ్బుగా తయారై అంచు కోణం పెరుగుతుంది. రాయి అంచులను కూడా కొంచెం ఏటవాలుగా అరగదీయండి. పదునైన రాతి అంచు తగిలితే కత్తి పెచ్చు లేస్తుంది.

ఇక నేర్పేవాళ్ళు "నలభై సార్లు తిప్పు" అని లెక్క చెప్పడం నాకు నచ్చదు. కత్తి కత్తికీ ఉక్కు వేరు. ఎప్పుడు ఆపాలో గుర్తు చెప్పాలి. మొదట వాలు మీద మార్కర్ పెన్నుతో రంగు పూసి, అంచు ముందుగా పోయేలా ఐదు సార్లు లాగి చూడండి. అంచు వెంబడి రంగు మిగిలితే రాయి అక్కడ తగలనట్టే. 1000 మీద పని అయిందనడానికి రెండు గుర్తులు: దీపం కింద అంచును నేరుగా చూస్తే ఎక్కడా తెల్లటి మెరుపు కనబడకూడదు, ముంజేతి రోమాలను అంచు పొడవునా ప్రతి భాగమూ గీయాలి. ఈ రెండూ కాకుండా 4000కి వెళ్ళొద్దు. అక్కడ 1000 గీతలన్నీ భూతద్దంలో మాయమయ్యాకే 8000. రాయి మార్చే ప్రతిసారీ కత్తినీ చేతులనూ కడగాలి. 1000 రాయి రేణువొకటి 8000 మీదికి చేరితే చాలు, లోతైన గీత పడుతుంది. వీపు అరగకుండా టేపు అతికిస్తే చివరిదాకా ఉంచాలి. 0.15 మి.మీ. టేపు కోణాన్ని దాదాపు ఒక డిగ్రీ పెంచుతుంది. మధ్యలో తీసేస్తే నున్నటి రాయి వాలు వెనకభాగాన్నే తాకి అంచును వదిలేస్తుంది.

కత్తిని కొన్నాళ్ళు ఊరికే ఉంచితే పదును తిరిగొస్తుందనీ, పిరమిడ్ కింద పెడితే చాలనీ నమ్మేవాళ్ళున్నారు. ప్రాగ్‌కు చెందిన కారెల్ డ్రబల్‌కు అట్ట పిరమిడ్ మీద 1959లో పేటెంటు కూడా వచ్చింది. పేటెంటు రావడం రుజువు కాదు. 2020లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయ పరిశోధకులు సైన్స్ పత్రికలో చూపించినదేమిటంటే, వెంట్రుక వంగి అంచును తాకినప్పుడు ఉక్కులో సూక్ష్మమైన పెచ్చులు లేస్తాయి. ఊడిపోయిన ఉక్కు ఏ పిరమిడ్ కిందా తిరిగి రాదు.

అందుకే రోజూ గీసేముందు తోలుపట్టీ మీద వీపు ముందుగా నలభై, యాభై సార్లు తోమండి. కొన్ని వారాలకు కత్తి వెంట్రుకల్ని లాగుతున్నట్టనిపిస్తే 8000 మీద పది పన్నెండు సార్లు లాగితే చాలు. కంటికి కనిపించే పెచ్చు లేచినా, 8000 తర్వాత కూడా అంచు మీద తెల్లటి మెరుపు మిగిలినా మళ్ళీ 1000 తియ్యండి.