దామోదరం సంజీవయ్య: 26 నెలల ముఖ్యమంత్రి

ఒకటో తేదీ వచ్చిందంటే మా కర్నూలు పల్లెల్లో పొద్దు పొడవకముందే పింఛను మాట మొదలవుతుంది. సచివాలయం ఉద్యోగి ఫోను, వేలిముద్రల మిషను పట్టుకుని వాకిట్లోకి వస్తాడు. జేజి మంచం దిగి వేలు పెడుతుంది. పడదు. ఏళ్ల తరబడి కలుపు తీసి, పత్తి ఏరి, శనక్కాయలు వలిచిన వేలు అది. అందులో గీతలు ఎక్కడ మిగిలుంటాయి? కొంగుతో తుడుచుకుని, నోటితో ఊది, ఇంకో వేలు పెడుతుంది. మూడోసారికో నాలుగోసారికో పడుతుంది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంటుంది.

ఆ నోట్లు ఎవరి చలవ అన్నదాని మీద ప్రతి ఎన్నికకూ వాదులాటే. 75 రూపాయల పింఛను వైఎస్ హయాంలో 200 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబు 2014లో 1,000, 2019 మొదట్లో 2,000 చేశారు. జగన్ కాలంలో మెట్టు మెట్టుగా 3,000కు చేరింది. 2024లో మళ్లీ చంద్రబాబు వచ్చాక 4,000. ఇవన్నీ జనానికి నోటికి వచ్చిన లెక్కలు. కానీ ముసలివాళ్లకు సర్కారు నెలనెలా డబ్బివ్వాలని ఈ రాష్ట్రంలో మొట్టమొదట నిర్ణయించిన ముఖ్యమంత్రి ఎవరంటే, ఆయన సొంత జిల్లాలోనే చాలామంది తెల్లమొహం వేస్తారు. ఆయన దామోదరం సంజీవయ్య. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి.

ఆ పింఛను ఎలా పుట్టిందో మా వైపు ఒక కథగా చెప్పుకుంటారు. ముఖ్యమంత్రి అయిన కొడుకు పెద్దపాడుకొచ్చి తల్లి సుంకులమ్మ చేతిలో వంద రూపాయలు పెట్టారట. నాకు నువ్వున్నావు సరే, కొడుకులు లేని ముసలోళ్ల సంగతేమిటని ఆమె అడిగిందట. ఆ ప్రశ్న మోసుకుని ఆయన హైదరాబాదు వెళ్లారట. చెప్పే మనిషిని బట్టి కథ కొంచెం మారుతుంది, తల్లి ప్రశ్న మాత్రం మారదు. ఉత్తరప్రదేశ్ 1957లోనే వృద్ధాప్య పింఛను మొదలుపెట్టింది కాబట్టి ఆ ఆలోచన దేశానికి కొత్త కాదు. కానీ కేంద్రం దేశమంతటికీ ఇలాంటి పథకం తెచ్చింది 1995లో. సంజీవయ్య అంతకు 35 ఏళ్ల ముందే ఆ పని తలకెత్తుకున్నారు.

కర్నూలు పక్కనే ఉన్న పెద్దపాడులో 1921 ఫిబ్రవరి 14న పుట్టారు. పసితనంలోనే తండ్రి మునయ్య పోయారు. నేత పనీ కూలి పనీ చేసుకుని బతికే దళిత కుటుంబం. కర్నూలు మున్సిపల్ బడి తర్వాత అనంతపురం దత్తమండల కళాశాలలో గణితం, ఖగోళశాస్త్రం చదివారు. ఇది నాకెప్పుడూ ఆశ్చర్యమే. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని కాలంలో, ఆ వాడ నుంచి వచ్చిన కుర్రాడు నక్షత్రాల లెక్కలు చదవడానికి కూర్చున్నాడు. యుద్ధకాలంలో రేషనింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఆ తర్వాత మద్రాసు వెళ్లి 1948లో లా పూర్తిచేశారు. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడు, 1952లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో మంత్రి. అప్పటికి 31 ఏళ్లు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ప్రకాశం, బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రులుగా వరసగా మారినా మంత్రివర్గంలో సంజీవయ్య ఉన్నారు. ఏ ముఠాకూ శత్రువు కాకపోవడం ఆయన బలం. ఏ ముఠా ఆయన సొంతం కాకపోవడమే తర్వాత బలహీనత అయింది.

1960 జనవరిలో నీలం సంజీవరెడ్డి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళ్లడంతో ముఖ్యమంత్రి కుర్చీ ఖాళీ అయింది. అప్పటి కాంగ్రెస్‌లో నీలం వర్గం ఒకవైపు, నెల్లూరు నేత ఆనం చెంచు సుబ్బారెడ్డి పెద్దగా అసమ్మతి వర్గం మరోవైపు. ఒకరి మనిషిని ఇంకొకరు ఒప్పుకోరు. ఆ పెనుగులాట మధ్య సంజీవయ్య పేరు పైకొచ్చింది. జనవరి 11న ప్రమాణం చేసేనాటికి ఆయనకు ఇంకా 39 నిండలేదు. రాజ్యాంగం అమల్లోకి వచ్చి పదేళ్లు నిండే నెలలోనే ఒక దళితుడు రాష్ట్రాన్ని ఏలడానికి కూర్చున్నాడు. అది తెలుగునేల మీద జరిగింది. పెద్ద కులాలు మనసు మార్చుకుని కూర్చోబెట్టాయని మాత్రం నేను అనుకోను. కొట్లాటలో ఇద్దరికీ అప్పటికి పనికొచ్చే మనిషి కనుక కూర్చోబెట్టారు.

కూర్చున్నాక ఆయన ఏం చేశారన్నది వేరే సంగతి. ఆనాటి లెక్కల్లో ఎక్కువగా వినిపించేది 6 లక్షల ఎకరాల బంజరు భూమి పంపిణీ. రాయలసీమలో డీకేటీ పట్టా, అంటే సర్కారు భూమిని పేదలకు ఇచ్చినట్టు రాసిచ్చే కాగితం, ఆ మాట ప్రతి పేద ఇంట్లో తెలుసు. ట్రంకు పెట్టె అడుగున, పాత చీర మడతలో దాచిన, మడతల దగ్గర చిరిగిన ఆ కాగితం ఒక ఇంటి పరువు. పట్టా ఇచ్చినంత మాత్రాన భూమి చేతిలో నిలవలేదు. అప్పుకో, బెదిరింపుకో పెద్ద రైతు కిందికి పోయింది. అందుకే అలా పంచిన అసైన్డ్ భూములు అమ్మకూడదు, కొనకూడదు అంటూ 1977లో ప్రత్యేక చట్టం తేవాల్సి వచ్చింది. ఆ గొడవ ఇవాళ్టికీ తెగలేదు.

అవినీతి నిరోధక శాఖ, అంటే మనం రోజూ పేపర్లో చూసే ఏసీబీ, 1961 జనవరి 2న విడి సంస్థగా ఏర్పడింది. అదీ ఆయన హయాంలోనే. ఆయన నిజాయితీ గురించి మా వైపు ఇంకో కథ ఉంది. సంజీవయ్య బాగా వెనకేశారన్న ఫిర్యాదు మీద ఢిల్లీ నుంచి ఒక పెద్దమనిషి విచారణకు పెద్దపాడు వచ్చి, ముఖ్యమంత్రి ఇల్లెక్కడని అడిగితే, కట్టెల పొయ్యి ఊదుకుంటూ మట్టికుండలో వంట చేసుకుంటున్న సుంకులమ్మను చూపించారట. ఆయన ఇంకేమీ అడగకుండా వెనక్కి తిరిగారట. కాపు రిజర్వేషన్ల వాదనలో కూడా, మమ్మల్ని ఆనాడే వెనకబడిన వర్గాల్లో చేర్చారని చెప్పేవాళ్లు ముందుగా తలచుకునేది సంజీవయ్య పేరే.

1962 ఫిబ్రవరి ఎన్నికల్లో కాంగ్రెస్ 300 సీట్లకు 177 గెలిచింది. సంజీవయ్య కోడుమూరు నుంచి గెలిచారు. నీలం అదే జిల్లాలోని డోన్ నుంచి గెలిచి, మార్చి 12న తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. అంత మెజారిటీ తెచ్చిన ముఖ్యమంత్రి ఎందుకు దిగాలని అడిగే వర్గం సంజీవయ్య వెనక లేదు. ఎవరి కోసమో అట్టిపెట్టిన కుర్చీలో 26 నెలలు కూర్చుని లేచినట్టయింది. కర్నూలు బస్సు రూట్ల జాతీయం మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక నీలం కూడా 1964లో రాజీనామా చేశారు. అప్పుడు ఆ కుర్చీ కాసు బ్రహ్మానందరెడ్డికి వెళ్లింది, సంజీవయ్య వైపు మళ్లలేదు.

ఢిల్లీ మాత్రం ఆయన్ను గౌరవంగానే వాడుకుంది. 1962లో కాంగ్రెస్ అధ్యక్ష పదవి దక్కిన మొదటి దళితుడు ఆయనే. 1964లో కేంద్ర కార్మిక మంత్రి. కార్మికుడికి బోనస్ హక్కుగా చేసిన 1965 చట్టం ఆయన ఆ శాఖలో ఉండగా వచ్చిందే. తర్వాత మరోసారి పార్టీ అధ్యక్షుడయ్యారు. ఆ పదవిలో ఉండగానే 1972 మే 7న ఢిల్లీలో కన్నుమూశారు. 51 ఏళ్లు.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఆయన పేర పార్కు ఉంది. 2016లో అక్కడ 291 అడుగుల జెండా ఎగరేశారు. జనం జెండా కింద ఫొటోలు దిగుతారు. కృష్ణపట్నం థర్మల్ కేంద్రానికి, విశాఖ న్యాయ విశ్వవిద్యాలయానికి, హంద్రీ మీది గాజులదిన్నె ప్రాజెక్టుకు ఆయన పేరే. మావాళ్లు ఇప్పటికీ గాజులదిన్నె అనే అంటారు.

ఆయన తర్వాత బిహార్‌లో భోలా పాశ్వాన్ శాస్త్రి, రాజస్థాన్‌లో జగన్నాథ్ పహాడియా, ఉత్తరప్రదేశ్‌లో మాయావతి, మహారాష్ట్రలో సుశీల్ కుమార్ షిండే, పంజాబ్‌లో చన్నీ ముఖ్యమంత్రులయ్యారు. దారి వేసిన తెలుగునేల మీద మాత్రం దళితులకు ఉప ముఖ్యమంత్రి గదే చివరి మజిలీ. కోట్ల విజయభాస్కరరెడ్డి దగ్గర కోనేరు రంగారావు, కిరణ్ కుమార్ రెడ్డి దగ్గర దామోదర రాజనర్సింహ, జగన్ దగ్గర నారాయణస్వామి. తెలంగాణ వస్తే దళితుడే తొలి ముఖ్యమంత్రి అన్న మాట ఉద్యమ కాలంలో ఊరూరా వినిపించింది. 2014 జూన్ 2న ప్రమాణం చేసింది కేసీఆర్. ఉప ముఖ్యమంత్రి పదవి రాజయ్యకు ఇచ్చి, కొన్ని నెలలకే తీసేసి కడియం శ్రీహరికి ఇచ్చారు. 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి పక్కన భట్టి విక్రమార్క ప్రమాణం చేశారు, ఆయనా ఉప ముఖ్యమంత్రిగానే.

ఈ పేర్లు వరసగా రాస్తుంటే నాకు మనసుకు కష్టంగా ఉంది. 1962 మార్చి 12న సంజీవయ్య లేచిన కుర్చీలో, రాష్ట్రం రెండై కుర్చీలూ రెండయ్యాక కూడా, ఇంకో దళితుడు కూర్చోలేదు.