ఐస్ హాకీ పిల్లలకు ముందు ఏం నేర్పాలి: ఆటా, ఢీకొట్టడమా?

అపోహ: చిన్నప్పుడే ఢీకొట్టడం అలవాటైతే పెద్దయ్యాక దెబ్బలు తగ్గుతాయి.

వాస్తవం: కోచ్‌గా నేను తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినే మాట ఇది. వినడానికి సబబుగానే ఉంటుంది. కెనడాలో దీన్ని లెక్కగట్టి చూశారు. అప్పట్లో ఆల్బర్టాలో 11, 12 ఏళ్ల పిల్లలకు బాడీ చెకింగ్ (పక్ ఉన్నవాణ్ని ఒంటితో ఢీకొట్టి ఆపడం; పక్ అంటే బంతికి బదులు వాడే గుండ్రటి బిళ్ల) ఉండేది, క్యూబెక్‌లో లేదు. 2010లో వచ్చిన అధ్యయనంలో ఆల్బర్టా పిల్లలకు గాయాలు, కంకషన్లు (తలకు దెబ్బ తగిలి మెదడు అదిరిపోవడం) మూడు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. సరే, ఆ అలవాటు 13, 14 ఏళ్లప్పుడైనా కాపాడిందా? వారానికి మించి ఆటకు దూరం చేసే గాయాలు కొంత తగ్గిన మాట నిజమే. మొత్తం గాయాలు, కంకషన్లు మాత్రం తగ్గలేదు. ఈ మాత్రం లాభానికి రెండేళ్లు తలలను పణంగా పెట్టడం నాకైతే గిట్టుబాటు బేరంలా కనిపించదు. అమెరికా 2011లో, కెనడా 2013లో చెకింగ్ మొదలయ్యే వయసును 13 ఏళ్లకు పెంచాయి.

అపోహ: చెకింగ్ లేదంటే ఒంటికి ఒళ్లు తగలకూడదు.

వాస్తవం: ఇలా అనుకునే కోచ్‌లు కూడా ఉన్నారు, అదే అసలు ఇబ్బంది. ఎదుటివాడి దారి మూసి బోర్డుల (రింక్ చుట్టూ ఉండే అడ్డుగోడల) వైపు మళ్లించడం, భుజం అడ్డుపెట్టి పక్ కాపాడుకోవడం, తాకిడికి తూలిపోకుండా మోకాళ్లు వంచి నిలబడటం, ఇవన్నీ ఏడెనిమిదేళ్లకే మొదలుపెట్టవచ్చు. ఇద్దరు పిల్లలను స్టిక్‌లు తిరగేసి పట్టుకోమని, ఇద్దరికీ కలిపి ఒక పక్ ఇచ్చి మంచు మీద గీసిన సర్కిల్‌లో వదలండి. స్టిక్‌తో లాక్కోవడం కుదరదు కాబట్టి కాళ్లూ నడుమూ వాటంతటవే పనిలోకి దిగుతాయి.

బోర్డుల దగ్గర ఒక జాగ్రత్త. బోర్డును ఆనుకుని ఉన్నవాడికి అంత ప్రమాదం లేదు. మూడు నాలుగు అడుగుల దూరంలో ఉన్నవాణ్ని వెనక నుంచి నెడితే నేరుగా వెళ్లి గుద్దుకుంటాడు. అప్పుడు తల దించితే మెడకుండే సహజమైన వంపు పోయి, దెబ్బ బరువంతా వెన్నుపూసల మీదే పడుతుంది. పడిపోతున్నా సరే, తల ఎత్తే ఉంచాలని పిల్లలకు విసుగొచ్చేదాకా చెబుతాను.

అపోహ: పొడుగూ బరువూ ఉన్నవాణ్నే టీమ్‌లోకి తీసుకోవాలి.

వాస్తవం: మగపిల్లలు ఒక్కసారిగా ఎదిగే వయసు అందరికీ ఒకటి కాదు. ఒకడికి 12కే వస్తే, ఇంకొకడికి 15 దాటాక వస్తుంది. కెనడా ఆటగాడు మార్టిన్ సెయింట్ లూయిస్ ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలే. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ అతన్ని తీసుకోలేదు. తర్వాత ఉత్తర అమెరికా ప్రధాన లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో రెండు సీజన్లు పాయింట్లలో అందరికన్నా ముందు నిలిచాడు, 2018లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. ఇందులో ఎక్కువగా నష్టపోయేది ముందే ఎదిగిన పిల్లాడని నా అభిప్రాయం. ఒళ్లు అడ్డేసి గెలుస్తున్నంతకాలం వాడికి ఎడ్జ్‌లు (స్కేట్ అంచుల మీద మలుపులు తిరగడం), పాస్‌లు నేర్చుకోవాలని తోచదు. మిగతావాళ్లు తనంత ఎదిగేసరికి చేతిలో ఏమీ ఉండదు.

అపోహ: స్కిల్ ఉంటే చాలు.

వాస్తవం: పక్‌నే చూస్తూ అద్భుతంగా డ్రిబుల్ చేసేవాడే చెకింగ్ మొదలైన రోజు అందరికన్నా ముందు దెబ్బ తింటాడు. చూపు పైకి ఉంచి ఆడటం వచ్చాకే దాన్ని స్కిల్ అంటాను.