నెలసరి ముందే నిలిచిపోతుందా? జన్యు పరీక్ష ఎంతవరకు చెప్పగలదు

"మీ అమ్మకు ఏ వయసులో ముట్లు ఆగిపోయాయి?" అని అడిగితే వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లోని చాలా ఇళ్లలో వినిపించే జవాబు, "ముప్పై అయిదేండ్లకే గర్భసంచి తీసేసిన్రు" అన్నది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ చేయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం కాగా, తెలంగాణలో దాదాపు 8 శాతం. అనవసర శస్త్రచికిత్సల గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్క ప్రస్తావనకు వస్తుంది గానీ, కూతుళ్లకు జరిగే నష్టం మాటే రాదు. ఆ తల్లికి సహజంగా నెలసరి ఎప్పుడు నిలిచిపోయేదో ఇక ఎవరికీ తెలియదు. పైసా ఖర్చు లేకుండా కూతురికి దక్కాల్సిన అతి విలువైన వంశ సమాచారం అదే.

ఆడపిల్ల పుట్టేనాటికి అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అండాలు ఉంటాయి. రజస్వల అయ్యేసరికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. ఈ నిల్వ తరిగే వేగమే నెలసరి నిలిచే వయసును నిర్ణయిస్తుంది. మన దేశంలో ఆ వయసు సగటున 46–47 ఏళ్లు. 45 లోపు నిలిస్తే త్వరగా నిలిచినట్టు, 40 లోపు అయితే అండాశయాలు అకాలంగా పనిచేయడం మానినట్టు వైద్యులు పరిగణిస్తారు. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి, ఈ వయసులో స్త్రీకీ స్త్రీకీ ఉండే తేడాలో దాదాపు సగం వంశపారంపర్యమే.

జన్యు పరీక్షల్లో స్పష్టమైన జవాబిచ్చేవి ప్రధానంగా రెండు. మొదటిది క్రోమోజోముల పరీక్ష. ఒక ఎక్స్ క్రోమోజోము పూర్తిగానో కొంతగానో లోపించి అండాశయాలు త్వరగా దెబ్బతినే టర్నర్ సిండ్రోమ్ దీనిలో బయటపడుతుంది. ఇది సుమారు 2,500 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఉంటుంది. రెండోది ఎక్స్ క్రోమోజోము మీద ఉండే ఎఫ్‌ఎంఆర్1 జన్యువు పరీక్ష. ఈ జన్యువులో సి, జి, జి అనే మూడు డీఎన్‌ఏ అక్షరాల ముక్క వరుసగా పునరావృతమవుతూ ఉంటుంది. మామూలుగా 44 సార్ల వరకు ఉండే ఈ ముక్క 55 నుంచి 200 సార్లు ఉన్న స్త్రీలలో దాదాపు ఐదుగురిలో ఒకరికి 40 ఏళ్లలోపే అండాశయాలు విఫలమవుతాయి. విచిత్రమేమిటంటే, ఈ ప్రమాదం 200కు దగ్గరైనవారిలో కంటే 80–100 మధ్య ఉన్నవారిలో ఎక్కువ. తల్లి నుంచి బిడ్డకు చేరేటప్పుడు ఈ సంఖ్య 200 దాటితే, ముఖ్యంగా మగపిల్లల్లో, మానసిక ఎదుగుదల లోపించే ఫ్రజైల్ ఎక్స్ సిండ్రోమ్ వస్తుంది. అందుకే ఈ రక్తపరీక్ష స్త్రీ అండాల గురించే కాక పుట్టబోయే బిడ్డ గురించి కూడా చెబుతుంది. అయితే అన్ని జన్యువులనూ ఒకేసారి చదివే సాధారణ ఎక్సోమ్ పరీక్ష ఈ పునరావృతాలను సరిగా లెక్కించలేదు కాబట్టి, దీన్ని పేరు పెట్టి విడిగా అడగాలి. తండ్రి నుంచి కూడా ఇది కూతుళ్లందరికీ చేరుతుంది గనుక మేనత్తల సంగతీ, ముసలితనంలో అమ్మ తండ్రికి చేతులు వణికి నడక తూలేదా అన్న సంగతీ (ఈ లోపమున్న మగవారిలో కొందరికి అలా జరుగుతుంది) వైద్యులకు చెప్పడం మంచిది.

మిగిలిన జన్యువుల విషయంలో నమ్మకం చాలా తక్కువ. 2021లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన సుమారు 2 లక్షల మంది స్త్రీల డీఎన్‌ఏను పరిశీలించి, నెలసరి నిలిచే వయసుతో సంబంధమున్న 290 స్థానాలను గుర్తించింది. వాటిలో చాలా స్థానాలు దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసే ప్రక్రియకు చెందినవి. విజ్ఞానపరంగా ఇది అద్భుతమైన ఫలితం. అయితే ఆ స్త్రీలంతా ఐరోపా సంతతివారు, పైగా ఆ స్థానాలన్నీ కలిపినా వయసు తేడాల్లో కొద్ది భాగాన్నే వివరిస్తాయి. వాటి ఆధారంగా వేసిన మార్కులు చూపించి హనుమకొండ అమ్మాయికి "నీకు ఇన్నేళ్లే గడువు" అని చెప్పడం నా దృష్టిలో అన్యాయం. 2023లో బ్రిటన్‌లో లక్షకు పైగా స్త్రీల మీద జరిగిన మరో అధ్యయనం ఇంకా గట్టి హెచ్చరిక చేసింది. ఒక్కో జన్యువుకు మామూలుగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులుంటాయి; అకాల వైఫల్యానికి కారణమని అంతవరకు చెప్పుకున్న జన్యువుల్లో ఒక ప్రతి చెడిపోయినవారిలో దాదాపు అందరికీ నెలసరి సకాలంలోనే నిలిచింది.

రెండు ప్రతులూ చెడితే మాత్రం పరిస్థితి వేరు. మేనరికాలు ఇప్పటికీ జరుగుతున్న మన కుటుంబాల్లో ఒకే లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ. అక్కాచెల్లెళ్లిద్దరికీ చిన్న వయసులోనే నెలసరి ఆగిన ఇంట్లో, తల్లిదండ్రులది మేనరికమైతే, విస్తృత జన్యు పరీక్షకు అర్థముంది.

అండాశయాల నుంచి వెలువడే ఏఎంహెచ్ అనే హార్మోన్‌ను కొలిచే రక్తపరీక్ష ప్రస్తుత అండాల నిల్వను సూచిస్తుందే గానీ సహజంగా గర్భం వస్తుందో రాదో చెప్పదు. 30 నుంచి 44 ఏళ్ల స్త్రీల మీద అమెరికాలో జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో, ఏఎంహెచ్ తక్కువున్నవారికి గర్భం వచ్చే అవకాశం తగ్గినట్టు కనబడలేదు. కాబట్టి ఆ ఒక్క అంకె చూసి కంగారుగా పెళ్లి ముహూర్తం ముందుకు జరపనక్కర్లేదు. ఎఫ్‌ఎంఆర్1 లోపం తేలిన అమ్మాయికి మాత్రం సంతానాన్ని వాయిదా వేయకపోవడం, లేదా అండాలను శీతలీకరించి దాచుకోవడం గురించి వైద్యులు ముందే చెప్పాలి.  అలా తేలిన ఫలితం అక్కాచెల్లెళ్లకు కూడా సంబంధించినదే కనుక, వారికి ఎలా చెప్పాలో, చెప్పాలో వద్దో, రక్తం ఇవ్వడానికి ముందే జన్యు సలహాదారుతో కూర్చుని మాట్లాడుకోవాలి.