మంత్రివర్గం ఎవరికి జవాబుదారీ? మద్రాసు చట్టసభల నాటి నేపథ్యం

చట్టసభ విశ్వాసం ఉన్నంత కాలమే మంత్రివర్గం కొనసాగడం పార్లమెంటరీ విధానానికి ప్రాణం. రాజ్యాంగంలోని 75(3), 164(2) అధికరణాలు దీనినే సమష్టి బాధ్యత అన్నాయి. మంత్రులు సభ్యులై ఉండాలన్నా, గవర్నరు వారి సలహా మేరకు నడవాలన్నా మూలం ఇదే. చెన్నైలో పానగల్ పార్కు మీదుగా రోజూ రాకపోకలు సాగించే తెలుగువారిలో, ఈ సూత్రానికి తొలి పరీక్ష ఎదురైనది ఆ పానగల్ రాజాకేనని ఎరిగినవారు తక్కువ.

1919 భారత ప్రభుత్వ చట్టం రాష్ట్రాల్లో తెచ్చిన ద్వంద్వ పాలనలో విద్య, ఆరోగ్యం, స్థానిక పాలన మంత్రులకు దక్కగా, పోలీసు, ఆర్థికం, భూమిశిస్తు గవర్నరు కార్యనిర్వాహక సభ్యుల చేతిలోనే ఉండిపోయాయి. మద్రాసులో 1920 ఎన్నికల్లో బ్రాహ్మణేతరుల పక్షమైన జస్టిస్ పార్టీ గెలిచింది. గవర్నరు విల్లింగ్డన్ పిలిచినా పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి పదవి వద్దన్నారు. 1921లో పానగల్ రాజా రామరాయణింగారు ప్రథమ మంత్రి (నేటి ముఖ్యమంత్రి వంటి పదవి) అయ్యారు. 1923 ఎన్నికల్లో పార్టీ బలం తగ్గాక, సొంత గూటి నుంచే విడిపోయిన కట్టమంచి రామలింగారెడ్డి మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం పెట్టారు. నవంబరు 28న ఓట్లు లెక్కిస్తే అనుకూలంగా 44, వ్యతిరేకంగా 65 వచ్చాయి. మంత్రివర్గం నిలిచింది. అయితే ఎన్నిక కాని నియమిత సభ్యులకూ ఆ సభలో ఓటు ఉండేది; ఆస్తిపాస్తులను బట్టి ఓటుహక్కు వచ్చిన కాలమది. అందుచేత ఆ అంకెలను ప్రజల తీర్పుగా చదవడం సబబు కాదు. ఎదురెదురుగా నిలిచిన ఇద్దరు తెలుగు నాయకులూ మంత్రుల భవితవ్యాన్ని సభ ముందు పెట్టడమే నా దృష్టిలో అసలైన సంగతి.

1937లో 215 స్థానాలకు 159 గెలిచిన కాంగ్రెసు, గవర్నరు తన ప్రత్యేకాధికారాలను వాడబోరన్న హామీ కోరుతూ పదవులకు దూరంగా ఉండిపోయింది. ఏప్రిల్ నుంచి జులై వరకు కూర్మా వెంకటరెడ్డి నాయుడు మంత్రివర్గం సభను ఎదుర్కోకుండానే నడిచింది. చట్టానికి లోబడినదే కావచ్చు, బాధ్యతాయుత ప్రభుత్వం మాత్రం కాదు.

స్వతంత్ర భారతంలోనూ చిక్కు తప్పలేదు. 1952లో 375 స్థానాల మద్రాసు శాసనసభలో కాంగ్రెసుకు 152 మాత్రమే వచ్చాయి. టంగుటూరి ప్రకాశం నాయకత్వంలోని కూటమి తనకు ఆధిక్యం ఉందని వాదించినా, గవర్నరు శ్రీప్రకాశ పిలిచింది ఎన్నికల్లో పోటీయే చేయని రాజాజీని. ఆయన ఎన్నిక ద్వారా కాక, నియమిత సభ్యుడిగా శాసనమండలికి వచ్చారు. జులై 3న 200–151 ఓట్లతో విశ్వాసం నెగ్గారు. నెగ్గినంత మాత్రాన ఆ పిలుపు సక్రమమైపోయిందని నేననుకోను.

కర్ణాటక ముఖ్యమంత్రిగా ఉండగా బర్తరఫ్ అయిన ఎస్.ఆర్. బొమ్మై కేసులో, 1994లో సుప్రీంకోర్టు మంత్రివర్గ బలం సభలోనే తేలాలని స్పష్టం చేసింది. ఎవరికీ ఆధిక్యం రానప్పుడు ముందుగా ఎవరిని పిలవాలో మాత్రం రాజ్యాంగం నేటికీ చెప్పదు.