ఎర్రనీరూ, చిల్లగింజా

పిల్లలూ,

గోదారికి ఎర్రనీరు వచ్చేసింది, కాలవలన్నీ మట్టిరంగు తిరిగాయి. మీలో ఒక పదో తరగతి అమ్మాయి అడిగింది: “తాతయ్యా, చదివిన పేజీనే చదువుతున్నా బుర్రకెక్కట్లేదు. అమ్మేమో కాలవ పక్కన కాసేపు నడిచి రమ్మంటుంది. నడిస్తే బుర్రకేం వస్తుంది?”

కుళాయిలు లేని రోజుల్లో ఈ నీళ్ళే తాగేవారమ్మా. కుండ లోపల చిల్లగింజ అరగదీసి, నీళ్ళు పోసి, ఒకసారి కలిపి వదిలేసేవారు. కొన్ని గంటలకి మట్టి అడుక్కి దిగి, పైన నీరు తేటపడేది. నీ నడక ఆ గింజ. మట్టి ఎక్కడికీ పోదు, అడుగున ఉంటుంది. నడిచొచ్చినా పరీక్ష ఉంటుంది. కానీ పైన తేటనీరు వాడుకోవచ్చు. మధ్యలో కుండలో చెయ్యి పెట్టి కెలికితే మాత్రం మళ్ళీ మొదటికొస్తుంది. ఫోను ఆ చెయ్యి. దాన్ని ఇంట్లో వదిలి వెళ్ళండి, చెవుల్లో పాటలూ వద్దు.

ఎక్కడ నడిచినా ఒకటే కాదు. 2015లో అచ్చయిన, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధనలో కొందరిని చెట్లూ గడ్డీ ఉన్నచోట, కొందరిని బళ్ళ రద్దీ రోడ్డు పక్కన 90 నిమిషాలు నడిపించారు. తనలోని లోపాలనే తవ్వుకునే ఆలోచనలు మొదటివాళ్ళలోనే తగ్గాయి. కొంగ లేస్తే చూపు దానంతటదే పోతుంది, బలవంతాన నిలపక్కర్లేదు. పుస్తకం మీద అలిసిన బుద్ధికి అదే విశ్రాంతి.

వారానికి నాలుగు రోజులు, అరగంటేసి చాలు. మాట్లాడగలిగీ పాట పాడలేనంత వేగంగా నడవండి. మొదటి పది నిమిషాలు లెక్కలూ మార్కులూ తలలో తిరుగుతూనే ఉంటాయి. చాలామంది అక్కడే “లాభం లేదు” అని వెనక్కొచ్చేస్తారు. రావద్దు. చివరి ఐదు నిమిషాలు ఊరికే నిలబడి చూడండి.

పొద్దున్నే వెళ్ళండి. పొద్దుటి వెలుగు కంటబడితే రాత్రి నిద్ర వేళకి వస్తుంది. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. ఎండెక్కాక నడిస్తే మనసు తేలికపడటం అటుంచి తలనొప్పి వస్తుంది. వరద ఉన్నన్నాళ్ళూ ఏటిగట్టు జోలికి పోవద్దు, బంకమట్టి జారుతుంది, గడ్డిలో పాములుంటాయి. బూట్లు వేసుకుని కాలవ పక్క తారు రోడ్డు మీదే నడవండి. ఉరిమితే ఇంటికి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. దిగులు రెండు వారాలు దాటినా, తిండీ నిద్రా పోయినా నడకతో సరిపెట్టకండి. అమ్మకో టీచరుకో చెప్పండి, మనసు బాగోలేనివాళ్ళకి ఫోనులో సాయం చేసే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వానిదే, ఉచితం.

రేపు పొద్దున్న మీ ఊరి తూము దగ్గర ఆగి, కాలవ నీరు చేలోకి ఎలా మళ్ళుతోందో, అక్కడ ఏ ఏ పిట్టలు కాపు కాస్తున్నాయో చూడండి. లకుముకి పిట్ట కనబడితే, అది నీళ్ళలోకి దూకేదాకా కదలకండి.

మీ తాతయ్య