రాతిలో దాక్కున్న నీళ్లు

చెక్క దూలం, ఉక్కు దూలం, ఈ రెంటిలో మంటకు ఏది ముందు లొంగుతుందని అడిగితే ఎవరైనా చెక్కే అంటారు. అంత తొందర పడక్కర్లేదు. లావుపాటి చెక్క దూలం పైపైన కాలి బొగ్గు కడుతుంది, ఆ బొగ్గే లోపలి చెక్కను కాచుకుంటుంది. మంట నిమిషానికి సుమారు 0.7 మిల్లీమీటర్ల లోతుకే దిగుతుంది. ఉక్కు కరగాలంటే 1500 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. కానీ 600 డిగ్రీల దగ్గరే దాని బలంలో సగం పోతుంది. పరీక్షల్లో వాడే ప్రామాణిక మంట అరగంటకే 840 డిగ్రీలు దాటుతుంది. అందుకే ఉక్కుకు పైన ఏదో ఒక తొడుగు ఉండాలి. అది మంటను ఆర్పదు, ఉక్కు వేడెక్కడాన్ని గంటో రెండు గంటలో వాయిదా వేస్తుంది. జనం బయటపడటానికి ఆ వ్యవధి కావాలి.

ఈ తొడుగుల్లో నాకు ముచ్చటేసేది జిప్సం అనే మెత్తటి రాయి, దాన్ని బోర్డులుగా చేసి వాడతారు. పట్టుకుంటే పొడిగానే ఉంటుంది గానీ, బరువులో ఐదో వంతు నీరే! స్ఫటికంలో బంధమై ఉంటుంది. పన్నెండు మిల్లీమీటర్ల మందం బోర్డు తీసుకుంటే చదరపు మీటరుకు దాదాపు రెండు లీటర్లు. బోర్డుకు మంట తగిలితే ముందు పైకాగితం నల్లబడి రాలిపోతుంది. ఆ తర్వాత లోపలి నీరు ఆవిరవడం మొదలవుతుంది. వచ్చిన వేడంతా ఆ పనికే ఖర్చవుతుంటే, నీరు అయిపోయేదాకా బోర్డు వెనకవైపు 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. నీరు పోయాక మిగిలేది పగుళ్లిచ్చే పొడి. అది ఊడి రాలకుండా ముందే గాజు నారలు కలుపుతారు.

ఉక్కు కనబడుతూనే ఉండాలనుకునే చోట ఉబ్బే పెయింటు వేస్తారు. 200 డిగ్రీలు దాటాక అది మెత్తబడి, లోపల పుట్టిన వాయువులతో పొంగి, పూత మందానికి పదుల రెట్లు నల్లటి నురుగు కడుతుంది.

ఒకప్పుడు ఈ పనికి ఆస్‌బెస్టాస్ అనే నారల ఖనిజాన్ని చల్లేవారు. మంటకు బాగానే తట్టుకునేది, దాని నారలు పీల్చినవాళ్ల ఊపిరితిత్తులే పాడయ్యాయి. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్ని అంతస్తులకు చల్లాక, 1970లో ఆపి వేరే పూతకు మారారు. 2001లో విమానాలు ఢీకొన్న ధాటికి పూత చాలాచోట్ల ఊడిపోయి, ఉక్కు మంటకు నేరుగా దొరికింది. పదార్థం ఎంత గొప్పదైనా అంటుకుని ఉంటేనే కదా.

జిప్సంలో ఉండి ఉక్కును కాపాడిన నీరే చిక్కటి కాంక్రీటుకు శత్రువు. సందుల్లో ఇరుక్కున్న తేమ ఆవిరై, బయటికి దారి లేక, పెచ్చుల్ని పేల్చేస్తుంది. దీనికి సొరంగాల ఇంజనీర్లు వాడే ఉపాయం వింటే నవ్వొస్తుంది. మంటకు తట్టుకోవాల్సిన కాంక్రీటులో, మంటకు కరిగిపోయే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ నారలు కావాలనే కలుపుతారు. 160 డిగ్రీలు దాటగానే నారలు కరుగుతాయి. అవి ఉన్నచోట వెంట్రుకవాసి గొట్టాలు మిగులుతాయి, ఆవిరి వాటిగుండా మెల్లగా బయటికి జారుకుంటుంది.