పంచమానికి తోక

సరళీ స్వరాలు పాడుతూ ఫోన్ ఎదురుగా పెట్టుకున్నాను. స్వరం ఎంత ఎత్తులో ఉందో చూపించే యాప్‌లో నా గొంతు ఒక గీతలా కదులుతోంది. స, రి, గ, మ పర్వాలేదు. పంచమం, అంటే 'ప' దగ్గర మాత్రం గీతకి చిన్న తోక: కింద ఎక్కడో మొదలై, పాకుతూ పైకొచ్చి, అప్పుడు చోట్లో నిలబడింది. పదిసార్లు పాడితే పదిసార్లూ అదే తోక. "పంచమాన్ని కిందనుంచి లాగకు, నేరుగా పట్టుకో" అని మా టీచర్ గారు ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నది దీని గురించేనా! అప్పటిదాకా లాగుతున్నట్టు నాకు వినిపిస్తే కదా.

వినిపించకపోవడానికి కారణం ఉంది. మన గొంతు మనకి రెండు దారుల్లో చేరుతుంది: గాలిలోంచి చెవికి, పుర్రె ఎముకల్లోంచి లోపలి చెవికి. రెండో దారి మనకి మాత్రమే ఉంది. అందుకే రికార్డింగ్‌లో మన గొంతు విని "ఇది నేనేనా" అని ముఖం చిట్లిస్తాం. పైగా పాడేటప్పుడు తాళం, ఊపిరి, తర్వాతి స్వరం అన్నీ చూసుకోవాలి. తీరిగ్గా వినడానికి చెవికి ఖాళీ ఎక్కడ?

కంటితో చూడాలన్న ఆత్రం కొత్తదేమీ కాదు. మాన్యుయెల్ గార్షియా అనే సంగీతం మాస్టారు 1854లో, పంటి డాక్టర్లు వాడే పొడుగు పిడి అద్దాన్ని గొంతు వెనక్కి పెట్టుకుని, ఇంకో చేతి అద్దంతో ఎండని దాని మీదికి తిప్పి, తన స్వరతంత్రులు కదలడం తనే చూశాడు. మరుసటి ఏడాది లండన్ రాయల్ సొసైటీకి ఆ వివరాలు అందాయి. అది పాటగాళ్లకన్నా గొంతు డాక్టర్లకే ఎక్కువ పనికొచ్చింది. నోట్లో అద్దం పెట్టుకుని సాధన ఎవరు చేస్తారు!

ఫోన్‌కి ఆ బాధ లేదు. మైకులో పడ్డ తరంగంలో ఒకే ఆకారం ఎంతసేపటికి తిరిగొస్తోందో చూస్తుంది. ఐదున్నర శ్రుతిలో పాడే అమ్మాయి మధ్యస్థాయి షడ్జంలో, అంటే 'స'లో, అది సెకనుకి దాదాపు 208 సార్లు వస్తుంది. ఈ లెక్క అప్పుడప్పుడు తప్పుతుంది. రెండు చుట్లని ఒకటిగా లెక్కేస్తే గీత ఉన్నట్టుండి కిందున్న మంద్రస్థాయిలోకి దూకేస్తుంది. తంబురాని స్పీకర్‌లో పెడితే ఇంకా తమాషా. నేను ఊపిరి తీసుకుంటున్నా షడ్జం అద్భుతంగా పలుకుతున్నట్టు చూపించింది. ఇయర్‌ఫోన్స్ తప్పవు.

అసలు పేచీ గాంధారం, అంటే 'గ' దగ్గర వచ్చింది. సరళీ స్వరాలు పాడే రాగం మాయామాళవగౌళ. అందులో ఉండేది అంతర గాంధారం అనే రకం. బాగా శ్రుతి చేసిన తంబురాలో, దానికని వేరే తీగ మీటకుండానే, అది సన్నగా వినిపిస్తుంది. షడ్జం తీగ కంపనంలోని ఐదో భాగస్వరం, అంటే అసలు స్వరానికి ఐదింతల వేగంతో కంపించే సన్నని స్వరం అది. కింది స్థాయికి దించి కొలిస్తే షడ్జానికి 386 సెంట్ల ఎత్తు (సెంటంటే ఒక స్థాయిలో 1200వ వంతు). చాలా యాప్‌లు మాత్రం హార్మోనియం మెట్ల లెక్కన స్థాయిని పన్నెండు సమాన ముక్కలుగా కోస్తాయి. వాటి గాంధారం 400 దగ్గర. అంటే తంబురాలో చక్కగా కలిసిపోయిన గాంధారాన్ని "14 సెంట్లు తక్కువ" అని తప్పు పడతాయి. మొదటి వారం నేను ఆ మాట నమ్మి గాంధారాన్ని పైకి నెట్టాను. క్లాసులో వెంటనే దొరికిపోయాను.

ఇంకో చిక్కు, ఆలస్యం. కొన్ని చుట్లు వస్తేగానీ యాప్ స్వరం తేల్చలేదు, కాబట్టి గీత ఎప్పుడూ గొంతు వెనకే ఉంటుంది. దాన్ని చూస్తూ సర్దుకోబోతే సర్దడమూ ఆలస్యమే. ఇప్పుడు ఫోన్ బోర్లించి పాడతాను. ఎక్కడ జారానో ముందు నేనే అనుకుని, ఆ తర్వాత తిప్పి చూస్తాను.

తోడి రాగం మొదలెట్టాక యాప్ పూర్తిగా చేతులెత్తేసింది. తోడి గాంధారం ఒకచోట నిలవదు, రిషభం వైపు ఒకసారి, మధ్యమం వైపు ఒకసారి ఊగుతుంది. టీచర్ గారు పాడితే తెర నిండా తప్పని చెప్పే ఎరుపే. ఒక్కో స్వరానికి యాప్ గీసిన గడుల ప్రకారం ఆవిడ ఫెయిల్! సరే అని గడులు తీసేసి, ఆవిడ గీత కింద నా గీత పెట్టాను. నా అలలన్నీ రంపం పళ్లలా ఒకే ఎత్తు, ఒకే వెడల్పు. ఆవిడవి ఒకటి మధ్యమం అంచుదాకా వెళ్లి కాసేపు ఆగింది, తర్వాతిది సగంలోనే తిరిగొచ్చింది, మూడోది బాగా మెల్లగా దిగింది.

"నేనిలా పాడతానా!" అంటూ ఆవిడ ఫోన్ తన వైపు తిప్పుకున్నారు.